రెండొందల పద్నాలుగు కంచాలు

త్రైమాసిక పరీక్షకి బిట్ పేపరు రాస్తూ
ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయాను.
ఆ సముద్ర యుద్ధంలో పాల్గొన్న సైనికుల సంఖ్య,
పక్కన బ్రాకెట్టు, లోపల ఖాళీ.
పాఠంలో ఒక అంకె, గైడులో ఇంకో అంకె.
రెండింటి చివరా మూడేసి సున్నాలు
వలకి కట్టిన బెండుల్లా తేలుతున్నాయి.

సైకిలెక్కి బందరువానిపేట వెళ్ళాను.
సూరాడ గురువులు యుద్ధంలో ఉన్నాడని
ఊరందరికీ తెలుసు.
తుపాకీ పట్టలేదని కూడా తెలుసు,
అందుకే పంద్రాగస్టుకి ఎవరూ పిలవరు.

తెప్ప నీడలో గొంతుక్కూచుని
ఇసకలో ఎండుతున్న కవళ్ళు తిరగేస్తున్నాడు.
అడిగాను.
"ఎంతమందా?
మడిసికి పావుసేరు బియ్యం మేష్టారూ.
రెండొందల పద్నాలుగు కంచాలు.
ఆ లెక్క నాకాడుండీది,
కేప్టెను కాడ నేదు."

ఓడ కడుపులో వంటగది. కిటికీ లేదు.
యుద్ధాన్ని ఆయన చూడలేదు.
గిన్నెలు ఒకదాన్నొకటి పొడుచుకోవడం విన్నాడు,
ఇనప గోడ దగ్గడం విన్నాడు.
ఓడ ఒక్కసారిగా మలుపు తిరిగితే
డేగిసాలో సాంబారు ఒక పక్కకి ఒరిగి
అలాగే నిలబడిపోయిందట
చాలాసేపు.
"యుద్దవంటే నాకదే. ఒరిగిపోయిన సాంబారు."

తెల్లారి కడగడానికి
రెండొందల తొమ్మిది కంచాలే వచ్చాయి.
ఎవరూ ఏమీ చెప్పలేదు.
ఆయనా అడగలేదు.
"మళ్ళీ బియ్యం కొలిసినపుడు సెయ్యి ఆగిపోనాది.
ఐదు పావుసేర్లు.
తీసీయాలా, వొద్దా?"

తియ్యలేదు.
ఎనిమిది రోజులు కొలత అలాగే ఉంచాడు.
సరుకుల ఆఫీసరు పుస్తకం తిరగేసి కేకలేశాడు.
సంతకం పెట్టించుకున్న కాగితం మీద
ఆ ఐదుగురూ
"అదనపు వాడకం" అయ్యారు.

నాకు క్లాసులో చెప్పే మాట గుర్తొచ్చింది.
మన కళింగంలో లక్షమంది చచ్చారని
ఒక రాజు దూరదేశపు రాళ్ళ మీద చెక్కించాడు,
ఈ నేల రాళ్ళ మీద మాత్రం
ఆ అంకె కనపడదు.
లక్ష అంటే ఏమిటి గురువులూ,
ఎవరూ కంచాలు లెక్కపెట్టలేదని అర్థం, అన్నాను.
బాగా అన్నాననుకున్నాను.
ఆయన నవ్వలేదు.
ఒక చేపకి పట్టిన ఇసక దులిపాడు.

"మరి అవతలోడ?"
ఈసారి ఆయనే అడిగాడు.
"ములిగిపోనాది గదా. అందలోనూ ఒంటోడుంటాడు.
ఆ పూట ఎసట్లో ఎంత పోసినాడో ఆడికే ఎరిక.
ఆడి సెయ్యి కొలత
ఏ బుక్కులోనైనా రాసినారా బాబూ?"

నా దగ్గర ఆ బుక్కు లేదు.

పాకలోంచి పోలమ్మ కేకేసింది:
"ఆ కొలతల గోల ఇంకెన్నాళ్ళు మేష్టారూ?
ఇద్దరికొండీమంటే ఏడుగురికొండీసినాడు.
నలబయ్యేళ్ళ బట్టీ
ఈ రేవులో కుక్కలు ఒళ్ళు సేసినాయి గానీ
నాను మాత్రం పొయ్యి కాడికి రానివ్వను."
గురువులు విననట్టు
ఎండిన చేపల్ని బుట్టలోకి ఎత్తుతున్నాడు.
గుప్పెడేసి, గుప్పెడేసి,
పెదాలు కదుపుతూ.

ఇంటికెళ్ళి ఆ ప్రశ్న కొట్టేస్తాను.
వంశధార ఏ రాష్ట్రంలో పుట్టిందని అడుగుతాను,
దానికి జవాబు ఒకటే,
పిల్లలకి మార్కు పోదు.

కళింగపట్నం లైటుహౌసు దాటేసరికి పొద్దు వాలింది.
పడవలు తిరిగొస్తున్నాయి.
నాకు సంబంధం లేకపోయినా లెక్కపెట్టాను:
పదకొండు, పన్నెండు.
పదమూడోది పడవో కెరటమో తేలలేదు.
సైకిలు దిగి
చీకటి పడేదాకా
అక్కడే నిలబడ్డాను.